గ్యాంగ్‌స్టర్ సినిమాలో నెత్తురు చెవికే కనిపిస్తుంది

వినికిడి మిషన్ పెట్టుకునే పెద్దవయసు గూండా ఒకడు బాస్‌కు ద్రోహం తలపెట్టి దొరికిపోతాడు. బతిమాలతాడు. బాస్ తాపీగా దగ్గరికొచ్చి, నీకో ఉపకారం చేస్తాను, తూటాల చప్పుడు వినపడకుండా చూస్తాలే అన్నట్టుగా వాడి చెవిలోని మిషన్ పీకేస్తాడు. ఆ క్షణం నుంచి సినిమాకే చెవుడొస్తుంది. చీకట్లో తుపాకులు మన మొహమ్మీదికే నిప్పులు కక్కుతుంటాయి. చప్పుడు మాత్రం ఉండదు.

1955లో జోసెఫ్ లూయిస్ తీసిన ‘ద బిగ్ కాంబో’లోది ఈ సీను. బాస్ రిచర్డ్ కాంటే, బలయ్యేది బ్రయాన్ డాన్‌లెవీ. చుక్క నెత్తురు కనపడదు. అయినా గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో ఇంతకన్నా కర్కశమైన చావు నేను చూడలేదు. చచ్చేవాడి చెవిని తెచ్చి మనకు తగిలించారు కాబట్టి, అక్కడ నిలబడింది వాడు కాదు, మనం.

పాత గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో మీకు బాగా నచ్చిన హింస సీను ఏదని పదిమందిని అడగండి. జవాబులు అడగకముందే చెప్పేయొచ్చు. ‘ద గాడ్‌ఫాదర్’లో టోల్ గేటు దగ్గర సన్నీ కోర్లియోన్ ఒళ్లు జల్లెడ కావడం, బాప్టిజం జరుగుతుంటే అటు వరస హత్యలు, 1983 ‘స్కార్‌ఫేస్’లో హోటల్ బాత్రూములో రంపం, పల్లెదారిలో బానీ, క్లైడ్‌ల మీద కురిసిన తూటాల వాన. ఆ వెంటనే లెక్కలు మొదలవుతాయి. ఎన్ని తూటాలు, ఎన్ని కెమెరాలు, ఒంటికి ఎన్ని చిన్న పేలుడు పొట్లాలు కట్టారు. ఇదంతా కంటి లెక్క. ఈ సినిమాల్లో హింస కంటికోసం పుట్టలేదని, పుట్టింది చెవిలోనని, చెవిని వదిలేసిన రోజున ఆ హింసకు పదును పోయిందని నేనంటాను.

ఈ తరహా సినిమా పుట్టుకే నా వైపు సాక్ష్యం చెబుతుంది. ముఠాల కథలు మూకీ రోజుల్లోనూ ఉన్నాయి. 1927 నాటి ‘అండర్‌వరల్డ్’ కథకు బెన్ హెక్ట్ తొలి ఆస్కార్లలోనే బహుమతి కొట్టాడు. కానీ జనం ఇదిరా గ్యాంగ్‌స్టర్ సినిమా అని గుర్తుపట్టే సరుకు మాటలొచ్చాకే తయారైంది. ‘లిటిల్ సీజర్’, ‘ద పబ్లిక్ ఎనిమీ’ 1931లో, ‘స్కార్‌ఫేస్’ 1932లో. టామీగన్ అనే చేతి మరతుపాకీ మోత, మలుపులో కారు టైర్ల కీచు, వీధి కుర్రాడి యాస మూకీలో పొగగానో తెరమీద అక్షరాలుగానో ఉండేవి. శబ్దం రాగానే పరిశ్రమ ముందుగా తుపాకీ పట్టిన పాత్రల వైపు పరిగెత్తింది ఊరికే కాదు. కొత్తగా వచ్చిన చెవికి మొదటి విందు అదే.

ఆ తొలి సినిమాల దర్శకులకు ఇంకో సంగతి కూడా వెంటనే తెలిసిపోయింది. శబ్దం చేతిలో ఉంటే కెమెరా తల తిప్పుకోవచ్చు. విలియం వెల్‌మన్ తీసిన ‘ద పబ్లిక్ ఎనిమీ’లో జేమ్స్ కాగ్నీ వేసిన టామ్ పవర్స్, చిన్నప్పుడు తనను దొంగతనాల్లోకి దింపి ఆపదలో మొహం చాటేసిన పుట్టీ నోస్‌ను వెతికి పట్టుకుంటాడు. వాడు వణుకుతూ పియానో ముందు కూర్చుని, అప్పట్లో ఈ కుర్రాళ్లకు పాడి వినిపించిన కొంటె పాట ఎత్తుకుంటాడు. పాటతో పాత ప్రేమ గుర్తొస్తుందేమోనని ఆశ. టామ్ వెనక నిలబడి తుపాకీ తీస్తాడు. సరిగ్గా అప్పుడు కెమెరా ఇద్దరినీ వదిలేసి గుమ్మం దగ్గరున్న స్నేహితుడి వైపు జరిగిపోతుంది. పేలిన చప్పుడు, తెగిపోయిన పాట, పియానో మెట్ల మీద ఒళ్లు వాలిపోతే పుట్టిన అపశ్రుతి. మనిషి శవంగా మారడాన్ని పియానో వాయించి చూపించిన సీను అది. (మే క్లార్క్ మొహానికి కాగ్నీ గ్రేప్‌ఫ్రూట్ అదిమిన సీను గురించి అడగబోతున్నారు. అదీ ఈ సినిమాలోదే, కానీ దాని కథ వేరు, ఇక్కడికి లాగకండి.)

అదే సినిమాలో, కుండపోత వానలో, టామ్ శత్రువుల అడ్డాలోకి ఒంటరిగా నడిచి వెళతాడు. కెమెరా వీధిలోనే తడుస్తూ ఆగిపోతుంది. లోపల కాల్పులు, ఒక కేక. కాసేపటికి వాడు తూలుతూ బయటికొస్తాడు. లోపల ఏం జరిగిందో ఈ రోజుకీ ఎవరూ చూడలేదు. 62 ఏళ్ల తర్వాత, జపాన్‌లో తకేషి కిటానో ‘సొనాటినే’ చివర్లో ఇదే పని చేశాడు. మనిషి ఆయుధంతో లోపలికి పోతాడు, మనం బయట నుంచి చీకటి కిటికీల్లో మెరుపులు చూస్తూ నిలబడతాం. ఇద్దరికీ ఒక్కటే నమ్మకం, ప్రేక్షకుడి తలలో జరిగే కాల్పుల ముందు సెట్‌లో జరిగేవి దిగదుడుపేనని.

ఇక ‘స్కార్‌ఫేస్’. హోవర్డ్ హాక్స్ ఇందులో మొదటి హత్యకు ముందు మనకిచ్చేది ఒక నీడ, ఒక ఈల. ఆపెరాలోని పాటను పాల్ మ్యునీ ఈలగా వేసుకుంటూ వస్తాడు. అప్పటినుంచి ఈల వినపడితే వెన్ను చల్లబడుతుంది. తర్వాత బౌలింగ్ ఆట దగ్గర బోరిస్ కార్లాఫ్ చావు. బంతి వదలగానే తుపాకులు పేలతాయి. కెమెరా మనిషిని పట్టించుకోకుండా బంతి వెంట పోతుంది. పిన్నులన్నీ దొర్లిపోతాయి. ఒక్కటి మిగిలి గిర్రున ఊగి, పడనా వద్దా అన్నట్టు తటపటాయించి, చివరికి పడుతుంది. చెక్క చెక్కకు తగిలిన ఆ చప్పుడు తప్ప చావుకు వేరే శబ్దం అవసరం లేకపోయింది. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చిన ఘటనను కూడా హాక్స్ గోడమీద నీడలతోనే ముగించాడు.

సెన్సారు భయంతో అలా తీశారు, దానికి కళ అని పేరెందుకు పెడతావని అడిగేవాళ్లున్నారు. కాదనను. అమెరికాలో 1930లో నిర్మాణ నియమావళి రాసుకున్నారు, 1934 నుంచి దాన్ని బిర్రుగా అమలు చేశారు, 1968లో దాని స్థానంలో రేటింగులు వచ్చాయి. ‘స్కార్‌ఫేస్’ అయితే సెన్సారుతో తలపడి తలపడి ‘జాతికే సిగ్గుచేటు’ అనే అర్థమొచ్చే ఉపశీర్షిక తగిలించుకుని బయటపడింది. ఆ సంకెళ్లు తెగడానికి తోవ వేసిన సినిమాల్లో ఒకటి ఆర్థర్ పెన్ ‘బానీ అండ్ క్లైడ్’ (1967). దాని చివరి కాల్పులు కళ్లతో చూడాల్సినవేనని, వేర్వేరు వేగాల్లో తిరిగిన కెమెరాలతో, డీడీ ఆలెన్ కత్తెరతో తయారైన కంటి పండగని వాదించొచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆ సీను మళ్లీ వేసుకుని కళ్లు మూసుకోండి. ముందు పొదల్లోంచి పక్షులు లేచిపోయిన అలజడి, ఆపైన మోత, ఆ తర్వాత నిశ్శబ్దం. సినిమా పొడుగునా కార్ల వెంట పరిగెత్తిన ఆ హుషారు బాంజో చివర్లో రాదు. ఎవరూ ఏమీ మాట్లాడరు. పెన్ కూడా మన గొంతు నొక్కింది చెవి వైపు నుంచే.

సెన్సారు వాదనకు అసలు జవాబు మాత్రం ‘ద గాడ్‌ఫాదర్’ (1972). నియమావళి పోయి నాలుగేళ్లయింది. ఎంత నెత్తురైనా చూపించొచ్చు, కొన్నిచోట్ల చూపించారు కూడా. అయినా ఆ సినిమాలో అందరికన్నా పెద్ద హంతకుడు శబ్దమే. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలాకు ఈ పని చేసిపెట్టినవాడు వాల్టర్ మర్చ్. టైటిల్స్‌లో అతని పేరు పక్కన శబ్దం అన్న మాటే ఉండదు, పోస్ట్ ప్రొడక్షన్ కన్సల్టెంట్ అని వేశారు. ఆ పదవి వెనక దాక్కుని అతను చేసిన ఘోరం చూడండి.

బ్రాంక్స్‌లోని చిన్న హోటల్. మాఫియా కుటుంబంలో చిన్నకొడుకు మైకేల్, ఆ కుటుంబానికి శత్రువు సొలోజో, వాడి పక్షాన ఉన్న పోలీసు కెప్టెన్ మెక్‌క్లస్కీ. ఈ హత్యకు రిహార్సల్ అంతకుముందే జరిగింది, అదీ చెవితోనే. కుటుంబం మనిషి క్లెమెంజా ఇచ్చిన తుపాకీని మైకేల్ పేల్చి చూస్తాడు, అబ్బా నా చెవులు అంటాడు. కావాలనే చప్పుడు తగ్గించలేదు, చుట్టుపక్కల అమాయకులు బెదిరి పారిపోవాలి కదా అని క్లెమెంజా సమాధానం. కాబట్టి హోటల్లోకి అడుగుపెట్టేసరికే ఆ తుపాకీ ఎంత మోత మోగుతుందో మనకు తెలుసు. ఇక్కడ కొప్పొలా రెండు పన్లు చేశాడు. సొలోజో ఇటాలియన్‌లో మాట్లాడతాడు, కింద అనువాదం వెయ్యలేదు. భాష రానివాడికి మాటలు ఉత్త సద్దుగా మారిపోతాయి, చూపు మైకేల్ కళ్లమీదే ఆగిపోతుంది. సంగీతాన్ని కూడా పక్కన పెట్టారు. ఇలాంటి ఘట్టానికి వాద్యాలన్నీ దించకుండా వదిలేయడం ఎంత గుండెధైర్యమో ఆలోచించండి.

సంగీతం వదిలేసిన ఆ చోటులో మర్చ్ రైలు పెట్టాడు. మనకు ఎక్కడా కనిపించని రైలు. పైవంతెన మీద పట్టాలు రాసుకుంటూ మలుపు తిరుగుతున్న ఇనుప కీచు. మైకేల్ బాత్రూములో తుపాకీ కోసం తడుముకునేటప్పుడు ఒకసారి వినపడి పోతుంది. ఓహో, పక్కన రైలు మార్గం ఉన్నట్టుంది అనుకుని ఊరుకుంటాం. మళ్లీ కుర్చీలో కూర్చున్నాక అదే కీచు లేస్తుంది, పెరుగుతుంది, సొలోజో మాటల్ని మింగేస్తుంది. అల్ పచీనో మొహం దాదాపు కదలదు, కళ్లు మాత్రం అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆ రైలు పోతున్నది వీధిలో కాదు, వాడి బుర్రలో. మూడు తూటాలతో అంతా అయిపోతుంది. అయినా సంగీతం రాదు. మైకేల్ నడిచి, గుమ్మం దగ్గర, పారేయమన్న తుపాకీని ఎట్టకేలకు పారేశాక, అప్పుడు, అప్పుడు మాత్రమే నినో రోటా వాద్యాలు ఒక్క ఉదుటున లేస్తాయి. హత్య దగ్గర నోరు మూసుకున్న సంగీతం, హంతకుడు పుట్టాక నోరు తెరిచింది. ఈ సీను గురించి మాట్లాడేవాళ్లు నుదుటి మీద గాయం, గాల్లో ఎర్రటి తుంపర అంటారు. అవి తీసేయండి, సీను బతుకుతుంది. ఆ రైలును తీసేస్తే ఏమీ మిగలదు.

టోల్ గేటు దగ్గరైనా నాకు గుర్తుండేది రేడియోలో బేస్‌బాల్ కామెంటరీయే. ఎవడో ఎక్కడో ఆడుకుంటున్నాడు, ఇక్కడ ఒకడు పోతున్నాడు. బాప్టిజం సంగతి చెప్పనే అక్కర్లేదు. హత్యలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ముక్కల్ని కలిపి కుట్టిన దారం ఆర్గాన్, పూజారి మంత్రం, పసిపిల్ల ఏడుపు. చెవి చర్చిలోంచి కదల్లేదు, కళ్లే నగరమంతా తిరిగాయి. సైతానును త్యజిస్తున్నావా అని అడిగిన గొంతు, త్యజిస్తున్నానన్న జవాబు హత్యల మీదుగా జారుతుంటే అబద్ధమన్నది ఎలా ఉంటుందో చెవితోనే తెలుస్తుంది.

రెండో భాగం (1974) నా దృష్టిలో ఇంకా మొండిది. రాబర్ట్ డి నీరో వేసిన పడుచు విటో, అంటే మైకేల్ తండ్రి, పేటలో వసూళ్లు చేసే రౌడీ ఫానూచీని చంపడానికి పండగ రోజు ఎంచుకుంటాడు. వీధిలో ఊరేగింపు, బ్యాండు, బాణసంచా. తుపాకీకి తువ్వాలు చుట్టి చీకటి నడవలో కాపేస్తాడు. పేలగానే తువ్వాలు అంటుకుంటుంది, చప్పుడు పండగలో కలిసిపోతుంది. హంతకుడికి మర్చ్ తెలివి ఉంటే ఇలాగే చేస్తాడు. నగరం శబ్దాన్నే ముసుగుగా కప్పుకున్నాడు. ఇక సినిమా చివర సరస్సులో పడవ. జాన్ కజాల్ వేసిన ఫ్రేడో చేప పడాలని మేరీమాత ప్రార్థన గొణుక్కుంటుంటాడు. వెనక మైకేల్ పంపిన హంతకుడు నీరీ. ఒడ్డున అద్దాల వెనక అన్న ప్రాణం తీయిస్తున్న తమ్ముడు మైకేల్. దూరం నుంచి, నీళ్ల మీదుగా, ఒకే ఒక్క పేలుడు వస్తుంది. చిన్నది. తలుపు ఎవరో వేసినంత. రెండు సినిమాల్లో ఎన్ని చావులున్నా, నన్ను కుర్చీలో కుంచించుకుపోయేలా చేసింది ఆ చిన్న చప్పుడే.

కాగ్నీ దగ్గరికి మళ్లీ ఒక్కసారి రావాలి, రావుల్ వాల్ష్ తీసిన ‘వైట్ హీట్’ (1949) కోసం. కారు డిక్కీలో బంధించిన మనిషి లోపల ఉక్కగా ఉందంటాడు. కాగ్నీ కోడికాలు నములుతూనే, గాలి కావాలా, ఇదిగో అన్నట్టు డిక్కీకి తూట్లు పొడుస్తాడు. రేకుకు తూటా తగిలిన టంగుమనే మోత, పక్కన దవడ ఆడుతున్న సద్దు. అదే సినిమాలో జైలు భోజనశాల సీను ఇంకా గొప్పది. బల్ల పొడవునా ఒక ప్రశ్న చెవి నుంచి చెవికి గుసగుసగా పోతుంది. మా అమ్మ ఎలా ఉంది? జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. గుసగుస కాగ్నీ చెవిని చేరగానే మూలుగుగా మొదలై పశువు అరుపుగా మారిపోతుంది. ఆ తర్వాత వాడు కాపలావాళ్లను కొట్టడం కన్నా ఆ అరుపే ఎక్కువ దెబ్బలు కొట్టింది.

బ్రయాన్ డి పాల్మా 1983 ‘స్కార్‌ఫేస్’లోని రంపం సీను మీద ఇంకా గొడవ పడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. రంపం కండలోకి దిగడం కళ్లారా చూశామని ఒట్టేసి చెబుతారు. చూడలేదు. రంపం గుర్రుమంటుండగానే కెమెరా కిటికీలోంచి బయటికి పోతుంది, ఎండలో వీధికి దిగి, కార్లో కూర్చుని అమ్మాయిని పలకరిస్తున్న స్నేహితుణ్ణి చూసి, మళ్లీ పైకెక్కుతుంది. లోపలికి వచ్చాక కథానాయకుడు టోనీ మొహమ్మీద నెత్తురు చిందుతుంది, అంతే. మిగతాదంతా మన చెవి గీసిన బొమ్మ. అమెరికా రేటింగు సంఘం ఆ సినిమాకు మొదట ఎక్స్ వేసింది, అంటే పిల్లలకు పూర్తి నిషేధం. సెన్సారును కూడా చెవితోనే భయపెట్టిన ఘనత డి పాల్మాది.

దర్శకుడు స్కోర్సెసీ దగ్గర నేను కాస్త తడబడతానని ఒప్పుకోవాలి. ‘గుడ్‌ఫెలాస్’ (1990)లో బిల్లీ బ్యాట్స్ అనే ముఠావాణ్ణి నేలకేసి తొక్కుతుంటే డానవన్ పాట ‘అట్లాంటిస్’ వస్తుంది. సంగీతం ఉంది కదా, నీ సిద్ధాంతం ఏమైంది అంటారు. ఆ పాట ఎవరి పక్షమూ తీసుకోదు. తొక్కేవాడిని పొగడదు, తొక్కించుకునేవాడి మీద జాలి చూపదు, తన మానాన తాను మునిగిపోయిన ద్వీపం గురించి పాడుకుంటుంది. ఈ కాలం యాక్షన్ సినిమాకు నేను అడ్డం తిరిగేది ఇక్కడే. ఇప్పుడు తుపాకీ ఎత్తకముందే నేపథ్య సంగీతం నిలబడి చప్పట్లు కొడుతుంది. కొట్టేవాడికి ఎలివేషన్, పడేవాడికి ఏమీ లేదు. ‘ద గాడ్‌ఫాదర్’ మోనోలో విడుదలైంది, రైలు కీచు ఒక్క దిక్కు నుంచే వచ్చింది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ అనే థియేటర్ శబ్ద పద్ధతి 64 దాకా స్పీకర్లను విడివిడిగా పలికించగలదు. ఇన్ని నోళ్లున్నాక కూడా పడ్డవాడి ఊపిరి ఒక్కదాంట్లోనూ వినపడదు. చప్పుడు పెరిగినకొద్దీ చెవి పనికిరాకుండా పోవడం అంటే ఇదే.

సినిమాలతోనే పోతే నేను ఇంత గొంతు చించుకోను. నిజంగా జరిగే హింసను మనం ఇప్పుడు ఎలా చూస్తున్నామో గమనించండి. సీసీటీవీ. నడిరోడ్డు మీద కత్తి, పై మూల నుంచి చూసే కెమెరా, బొమ్మ మసక, శబ్దం శూన్యం. టీవీ వాళ్లు ఆ ముక్కను ఇరవైసార్లు తిప్పి వేస్తారు, మూగగా ఉంటే బాగోదని కింద ఒక గుండె దడ సంగీతం పరుస్తారు. ఫోన్లో అయితే వీడియో మ్యూట్‌లోనే మొదలవుతుంది. మనిషి పడిపోతాడు, బొటనవేలు పైకి జరుగుతుంది, తర్వాతిది వస్తుంది. ఆ చనిపోయినవాడు ఏమని అరిచాడో మనకు తెలియదు, తెలుసుకోవాలని స్పీకరు గుర్తు నొక్కేవాళ్లు ఎంతమంది? నేను నొక్కనిసార్లే ఎక్కువ.

‘ద బిగ్ కాంబో’లోనూ నిశ్శబ్దమే, సీసీటీవీలోనూ నిశ్శబ్దమే. కానీ ఆ సినిమాలో నిశ్శబ్దానికి యజమాని ఉన్నాడు, చెవి మిషన్ పోగొట్టుకున్న ఆ ముసలి గూండా. సీసీటీవీ నిశ్శబ్దం ఎవరిదీ కాదు. దాంట్లో ఎవడైనా చావొచ్చు, ఎవరికీ ఏమీ కాదు. హింసాత్మక సినిమాలు జనాన్ని బండబారుస్తాయని ఏళ్ల తరబడి చర్చలు పెట్టినవాళ్లు, బండబార్చే పనిని మ్యూట్ బొత్తానికి అప్పగించి ఇంటికి వెళ్లిపోయారు.

‘ద పబ్లిక్ ఎనిమీ’ చివరి సీను గురించి చెప్పకుండా దాచుకున్నాను. ఆసుపత్రి నుంచి శత్రువులు ఎత్తుకుపోయిన టామ్‌ను ఇంటికి పంపుతున్నారని ఫోన్ వస్తుంది. తల్లి ఆనందంతో పై అంతస్తులో పక్క సర్దుతూ కూనిరాగం తీస్తుంది. కింద గ్రామఫోన్లో బుడగలు ఊదుతున్నానన్న పాట తిరుగుతుంటుంది. తలుపు తడతారు. అన్న తీస్తాడు. గుడ్డలతో చుట్టి తాళ్లతో బిగించిన టామ్ గుమ్మంలో ఒక్క క్షణం నిటారుగా ఊగి, మొహం నేలకు కొట్టుకునేలా పడతాడు. దబ్బుమన్న ఆ చప్పుడు పైకి వినపడలేదు. తల్లి పాడుతూనే ఉంది. పాట అయిపోతుంది, ముల్లు మాత్రం ఖాళీ గాడిలో గీరుకుంటూ తిరుగుతూనే ఉంటుంది.